జమ్ముకేశుడి మీద చెప్పు పడలేదు

రాక్షసుడి మీద జాలిపడటం మా ఊళ్ళో నేరం కాదు. నేరంగా ప్రకటించే అధికారం పురపాలక సంఘానికి ఉందేమో చూడమని మా కమిషనర్ గారు న్యాయ సలహాదారుని అడిగిన మాట మాత్రం నిజం. రోడ్డు మీద ఉమ్మడం దాకా ఉందనీ, జాలి దాకా పోలేమనీ ఆయన తేల్చారు. అందుచేత నచ్చజెప్పడం తప్ప గత్యంతరం లేకపోయింది. నచ్చజెప్పడం నా శాఖ. తెల్లగెడ్డ పురపాలక సంఘంలో నేను పౌర సంబంధాల అధికారిని.

మా ఊరి నడిబొడ్డున కొంగల బంద ఉంది. మా వైపు చిన్న చెరువుని బంద అంటారు. అందులో తామరలు, జమ్ము గడ్డి, కొంగలు, గేదెలు ఉంటాయి. సాయంత్రం పూట గట్టు మీద పనీపాటా లేని పెద్దమనుషులు కూడా ఉంటారు. ఇంత విలువైన స్థలంలో ఉత్త నీళ్ళు ఉండటం చూసి మా కమిషనర్ పొట్నూరు భానోజీరావు గారికి కడుపు తరుక్కుపోయేది. ఆయన మంచివాడు. ఏ ఖాళీ స్థలం చూసినా ఒక్క భవనమైనా లేదే అని బాధపడే మనిషి.

ఆయన ఒక ప్రణాళిక వేశారు. బందను కప్పెట్టి, దాని మీద మూడంతస్తుల పర్యావరణ చైతన్య భవనం కట్టాలి. చెరువులు ఎంత విలువైనవో, వాటిని ఎలా కాపాడుకోవాలో అక్కడ జనానికి నేర్పాలి. రెండో అంతస్తులో ప్లాస్టిక్ తామరలతో నమూనా చెరువు ఒకటి పెట్టాలి. మీట నొక్కితే కొంగ అరవాలి. అసలు కొంగలు మనం అడిగినప్పుడు అరవవు కదా అన్నారాయన. ఆ మాటకి మా ఇంజనీరు కామరాజు గారు బల్ల చరిచి మరీ మెచ్చుకున్నారు.

అడ్డు ఒక్కటే. ప్రజాభిప్రాయ సేకరణ జరగకుండా బందలో తట్టెడు మట్టి కూడా పొయ్యకూడదని నిబంధన. సభ పెట్టాం, ఎవరూ రాలేదు. మళ్ళీ పెట్టాం. ఈసారి ఒకాయన వచ్చి ఫ్యాను కింద కునుకు తీశాడు. లేపి అభిప్రాయం అడిగితే "గాలి బాగానే ఉన్నాది బాబూ" అన్నాడు. అనుకూలం అని రాసుకున్నాం గానీ పై ఆఫీసు వాళ్ళు ఒప్పుకోలేదు.

అప్పుడు కమిషనర్ గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"ప్రజలు సభకు రారు. నాటకానికి వస్తారు. కాబట్టి సదరు సభను నాటకరూపంలో నిర్వహించెదము. నాయకుడికి కొట్టిన చప్పట్లు భవనానికి అనుకూలం. ప్రతినాయకుడికి కొట్టినవి అభ్యంతరం. చివరి రంగంలో ఏది జరిగితే అదే ప్రజల తీర్మానం."

"రాక్షసుడికి ఎవరైనా చప్పట్లు కొడితేనోనండీ?" అన్నాను.

"రాక్షసుడికి ఎవరు కొడతారయ్యా?" అన్నారు జాలిగా నావైపు చూసి.

పై ఆఫీసు దీన్ని వినూత్న విధానంగా గుర్తించి వెంటనే ఆమోదించింది. చివరి రంగంలో జరిగినదానికి పురపాలక సంఘం కట్టుబడి ఉండవలెను అని ఒక వాక్యం కూడా కలిపింది. మేము దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. చివరి రంగం రాసేది నేనే కదా.

నాటకం పేరు 'వికాసవర్మ విజయం'. బందలో జమ్ముకేశుడనే రాక్షసుడు ఉంటాడు. తల మీద వెంట్రుకల బదులు జమ్ము మొలిచి ఉంటుంది. మనుషులంటే వాడికి పడదు. బంద దగ్గర ఎవడైనా గునపం ఎత్తితే దోమల సేనను తోలుతాడు. వికాసవర్మ అనే రాకుమారుడు బంగారు తాపీతో వచ్చి, వాణ్ణి చంపి, అక్కడ భవనం కట్టి ప్రజలను ఉద్ధరిస్తాడు. వికాసవర్మ వేషం ఇంజనీరు గారి బావమరిది తేజోవర్ధన్‌కి ఇచ్చాం. పట్టుపంచె కట్టి, నెత్తిన కిరీటం బదులు పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకున్నాడు. చూడ్డానికి బాగానే ఉన్నాడు.

రాక్షసుడికి మాత్రం దాలినాయుణ్ణి మించినవాడు ఈ జిల్లాలో లేడు. మా వైపు ఒక ఆచారముంది. నాటకంలో రాక్షసుడు బాగా ఆడితే జనం చెప్పులు విసురుతారు. దానికోసం ఇంటి దగ్గర్నుంచే అరిగిపోయిన చెప్పులు పట్టుకొస్తారు. రాక్షస వేషధారికి అదే సన్మానం, అదే శాలువా. దాలినాయుడి ఇంట్లో ముందుగది గోడ నిండా అలా వచ్చిన చెప్పులే మేకులకు వేలాడుతుంటాయి. ఏ చెప్పు ఏ ఊళ్ళో ఏ పద్యానికి పడిందో చుట్టాలకు చూపిస్తాడు. ఇంతా చేసి వాళ్ళావిడ కాళ్ళకి చెప్పులు లేవు. గోడ మీదివి తీసి వేసుకోనివ్వడు.

మొదటి ప్రదర్శన బంద గట్టు మీదే, శనివారం సాయంత్రం. ఊరంతా వచ్చింది. దాలినాయుడు తల నిండా పచ్చటి జమ్ముతో, ఒళ్ళంతా బురదతో నీళ్ళలోంచే లేచి వేదిక ఎక్కాడు. అప్పుడు నేను రాసిన మాటలు గొంతెత్తి అన్నాడు.

"ఓరి మానవా! ఈ నీళ్ళు తాగి పెరిగి, ఈ నీళ్ళనే పూడ్చిపెడతావా? నా కొంగలెక్కడ వాలాలిరా? నా తామరలు ఏ తారురోడ్డు మీద పుయ్యాలిరా?"

ఈ మాటలు ఎంతో క్రూరంగా ఉంటాయనుకునే రాశాను. జనం మాత్రం ఈలలు మొదలుపెట్టారు. చప్పట్లకు గట్టు మీది కొంగలన్నీ లేచి ఓ చుట్టు తిరిగి వచ్చాయి. వికాసవర్మ బంగారు తాపీతో పొడవగానే ఆడవాళ్ళు బావురుమన్నారు. బందలో తన రెండు గేదెల్ని తడుపుకుంటూ, ఊళ్ళో పెరుగమ్ముకుని బతికే అసిరమ్మ ఏకంగా వేదికెక్కి, చచ్చిపడి ఉన్న రాక్షసుడి తల ఒళ్ళో పెట్టుకుని మజ్జిగ తాగించింది. దాలినాయుడు కళ్ళు తెరవకుండా తాగాడు. నాకూ ఏడుపొచ్చింది. ఉద్యోగిని కాబట్టి దగ్గి ఊరుకున్నాను.

తెర వెనక్కి వెళ్ళి చూద్దును గదా, దాలినాయుడు జమ్ము తీసి పక్కన పెట్టి ఎక్కెక్కి ఏడుస్తున్నాడు.

"ఒక్క సెప్పు పడనేదు బాబూ! ముప్పయ్యేళ్ళ నుండి రాచ్చసుడేసం ఏస్తన్నాను. నా మీద జాలిపడినారు బాబూ, జాలి! ఇక నాను బతికి ఏటి సేసీది?"

అదే సమయంలో బయట కుర్చీలో కమిషనర్ గారు కూడా దాదాపు అలాగే ఉన్నారు. లోకంలో రాక్షసుడికీ అధికారికీ ఒకే కష్టం రావడం నేను అదే మొదటిసారి చూడటం.

వచ్చిన అభ్యంతరాలు కొండంత, అనుకూలత గుప్పెడంత. ఆ గుప్పెడూ ఇంజనీరు గారి అత్తవారి తరఫు చప్పట్లే. పై ఆఫీసు సంజాయిషీ అడిగింది. కమిషనర్ గారు ఒక పూటంతా గది తలుపులు వేసుకుని కూర్చుని, వెలిగిపోతున్న ముఖంతో బయటికొచ్చి నా చేత సర్క్యులర్ రాయించారు.

"స్థానిక ఆచారమును అనుసరించి, రంగస్థలముపై ఎవరిమీద చెప్పులు పడునో సదరు వ్యక్తియే ప్రతినాయకుడుగా పరిగణింపబడును. గత ప్రదర్శనలో ఎవరిమీదను చెప్పులు పడనందున, సదరు ప్రదర్శనలో ప్రతినాయకుడు లేనట్లే. ప్రతినాయకుడు లేనందున, అతనికి వచ్చిన చప్పట్లునూ లేనట్లే."

నేను మనసులో దండం పెట్టాను. కొండంత అభ్యంతరాన్ని మూడు వాక్యాల్లో మాయం చేయడం అందరికీ చేతకాదు. పై ఆఫీసు ఆ నిర్వచనాన్ని ఆమోదించి, ప్రదర్శన మళ్ళీ జరపమంది. చూసి నివేదిక ఇవ్వడానికి మందాకిని గారనే పరిశీలకురాలిని పంపింది. ఆవిడ ముందు వరసలో కూర్చుని, సర్క్యులర్ ఒళ్ళో పెట్టుకుని, నాటకం కేసి చూడకుండా అయిపోయాక ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు.

"చెప్పులు పడ్డాయా?"

మేము ప్రతినాయక సానుభూతి నియంత్రణ ఉపసంఘం వేసుకున్నాం. తొలి సమావేశంలో రాక్షసుడి మాటల్లో కొంగలు, తామరలు, నీళ్ళు తీసెయ్యాలని తీర్మానం అయింది.

"మరి రాక్షసుడు దేని గురించి మాట్లాడాలండీ?" అన్నాను.

"క్రూరత్వం గురించి మాట్లాడాలి. చేతల్లోనూ చూపించాలి. ప్రజా ఆస్తులకు నష్టం కలిగించాలి," అన్నారు ఇంజనీరు కామరాజు గారు.

దాలినాయుడు ఎగిరి గంతేశాడు. "అదీ మాటంటే! నాను సూసుకుంటాను బాబూ. ఈసారి సెప్పులు పడకపోతే నా పేరు దాలినాయుడు కాదు."

రెండో శనివారం జమ్ముకేశుడు నిజంగానే రాక్షసుడిలా విజృంభించాడు. అట్టతో చేసిన సిమెంటు లారీని ఎత్తి బందలోకి గిరవాటేశాడు. కాంట్రాక్టరు పాత్రధారిని జుట్టు పట్టుకుని ఈడ్చాడు. దోమల సేన చేత ఇంజనీరు పాత్రధారిని ఊరంతా పరిగెత్తించాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, "ఇంకోపాలి! ఇంకోపాలి!" అని అరిచారు. మా దగ్గర ఒకే అట్ట లారీ ఉంది. దాన్ని నీళ్ళలోంచి తీసుకొచ్చి మళ్ళీ వేయించుకునేదాకా వదల్లేదు.

"చెప్పులు పడ్డాయా?" అన్నారు మందాకిని గారు.

పడలేదు. రాక్షసుడి మీద ఒక పూలదండ పడింది. దాలినాయుడు దాన్ని తేలుని దులుపుకున్నట్టు దులుపుకున్నాడు.

ఉపసంఘం మళ్ళీ కూర్చుంది. రాక్షసుణ్ణి చంపడం వల్లే జనం ఏడుస్తున్నారని గుర్తించి, చంపకుండా పంపించెయ్యాలని నిర్ణయించింది. చివరి రంగం మార్చి రాశాను. ఓడిపోయిన ప్రతినాయకుడు, 'ఈ బందను విడిచి నా పరివారంతో, నా సామగ్రితో శాశ్వతంగా వెళ్ళిపోతున్నాను, మళ్ళీ ఈ గట్టు తొక్కను' అని మూడుసార్లు అని వెళ్ళిపోవాలి. కమిషనర్ గారు చదివి బాగుందన్నారు. సామగ్రి అనే మాట ఆయనే కలిపారు. తామర దుంపలు కూడా పోవాలి గదా అని.

సానుభూతి ఆఫీసులోంచే మొదలవుతోందని ఎవరో చెప్పడంతో, రోజూ పొద్దున్నే ఉద్యోగులందరి చేత ప్రతిజ్ఞ చేయించడం మొదలుపెట్టాం. "నేను ఏ రాక్షసుని పట్లనూ, అతడు చెప్పునది సబబుగా ఉన్నప్పటికీ, సానుభూతి చూపనని ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను." పారిశుధ్య విభాగంలో కొందరు 'సబబుగా ఉన్నప్పటికీ' దగ్గర గొంతు కొంచెం పెంచేవారు. అది క్రమశిక్షణా రాహిత్యం కిందికి వస్తుందో రాదో తేల్చుకోలేక వదిలేశాం.

ప్రేక్షకుల విషయంలో మరింత గట్టిగా వెళ్ళాం. నాటకంలో కన్నీళ్ళు పెట్టరాదని బోర్డు కట్టించాం. సొంత కష్టాల వల్ల ఏడవదలచినవారు ముందుగా గేటు దగ్గర చెప్పి నీలం రిబ్బను తీసుకోవాలి. రిబ్బను లేకుండా ఏడ్చినవారిని కార్యకర్తలు టార్చిలైటు వేసి గుర్తిస్తారు.

ఆ శనివారం ఊరందరికీ ఒకేసారి సొంత కష్టాలొచ్చాయి. గేటు దగ్గర వరస సందు మలుపు దాటింది. ఒకడికి పంటినొప్పి, ఒకామెకు ఆడబడుచు సూటిపోటి మాటలు, మరొకడికి ఎప్పుడో పోయిన ఎద్దు గుర్తొచ్చింది. రిబ్బన్లు చాలక ఆఫీసు కిటికీ తెరలు చింపి ఇచ్చాం. నాటకం మొదలయ్యేసరికి గట్టంతా నీలంగా ఉంది. జమ్ముకేశుడు బందను వదిలి వెళుతూ వెనక్కి తిరిగి చూడగానే అందరూ హాయిగా, నిబంధనలకు లోబడి, వెక్కివెక్కి ఏడ్చారు. టార్చిలైటు వేసే కార్యకర్తల చేతులకు కూడా రిబ్బన్లున్నాయి.

"చెప్పులు పడ్డాయా?"

"లేదండీ."

"అయితే ప్రతినాయకుడు లేడు. మళ్ళీ ఆడండి," అని మందాకిని గారు బస్సెక్కారు.

ఆ మర్నాడు అసిరమ్మ పెరుగు కుండతో మా ఆఫీసుకి వచ్చింది. ఎవరికో పోయడానికి కాదు, నా కోసమే వచ్చింది.

"నాటకం రాసీది నువ్వేనటగా నాయినా. ఆ రాచ్చసుణ్ణి ఎల్లగొట్టీయకు. ఆడుంటేనే బంద ఉంటాది. బంద నేకపోతే నా గేదిలెక్కడ దిగుతాయి? ఆటిని సంతకి తోలీసి నానెక్కడికెళ్ళాల?"

అది నాటకం, జమ్ముకేశుడు కల్పితపాత్ర అని నచ్చజెప్పబోయాను. అది నా శాఖ కదా. కానీ ఆవిడ చెప్పిందాంట్లో కల్పితం ఒక్క రాక్షసుడే. తక్కినదంతా, గేదెలతో సహా, నిజం. ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ఉపసంఘం మాత్రం ఆగలేదు. రాక్షసుడే లేకపోతే జాలెక్కడిది అన్నారు ఇంజనీరు గారు. తర్వాతి శనివారం జమ్ముకేశుడు లేకుండా ఆడించాం. తేజోవర్ధన్ ఖాళీ గాలితో కత్తియుద్ధం, అనగా తాపీయుద్ధం, చేశాడు. జనం ఆ ఖాళీ చోటుకి ఈలలు వేశారు. గాలి ఓడిపోతుంటే అయ్యో అన్నారు. ఎవరో ఒక కుర్చీ తెచ్చి అక్కడ వేసి, దాని మీద జమ్ము మోపు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ప్రేక్షకుల్లో కూర్చున్న దాలినాయుడు ఆ కుర్చీని చూసి లేచి నిలబడ్డాడు.

"నాను నేకపోయినా సెప్పులు పడవు, ఉన్నా పడవు. లోపం నాలో నేదు," అన్నాడు అందరికీ వినబడేలా. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో కళ కనిపించింది.

సోమవారం పొద్దున్నే, నేనూ ఇంజనీరు గారూ అక్కడ ఉండగానే, తిన్నగా కమిషనర్ గారి గదిలోకి వచ్చాడు.

"బాబూ, నా మాటినండి. రాచ్చసుడు సెడ్డోడిలాగ అగుపడాలంటే ఎదట ఈరో గట్టోడై ఉండాల. మీ ఈరో వొట్టి అట్టబొమ్మ. ఆడి మాట ఆడికే నమ్మకం నేదు. బందని కప్పెట్టాలని మనసులోన నిజింగా ఉన్నోడు ఆ ఏసం కట్టాల."

కమిషనర్ గారు ఇంజనీరు గారికేసి చూశారు. ఇంజనీరు గారు బల్లకేసి చూశారు. నేను పైన ఫ్యానుకేసి చూశాను. గదిలో అటువంటి మనసున్న మనిషి ఒక్కరే ఉన్నారని ముగ్గురికీ తెలుసు.

"కాలేజీలో ఒకసారి వేషం వేశాను," అన్నారు కమిషనర్ గారు, కొంచెం సిగ్గుపడి.

ఆ వారమంతా రిహార్సల్సు. ఆయన తెల్లవారి లేచి ఇంటి డాబా మీద తాపీ తిప్పడం నేర్చుకున్నారు. నేను రాసిచ్చిన మాటలు మాత్రం ఆయనకు నోరు తిరగలేదు. పర్వాలేదు, భావం నాకు తెలుసు, నా మాటల్లో చెబుతాను అన్నారు. దాలినాయుడు పొంగిపోయాడు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, జమ్ముకేశుడి మీద చెప్పులు పడి తీరాలని ఒట్టేసుకున్నారు.

ఆ శనివారం గట్టు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ముందు వరసలో మందాకిని గారు. వెనక, నాటకం అయిన వెంటనే పని మొదలుపెట్టడానికి సిద్ధంగా కామరాజు గారి టిప్పర్లు, రోలర్లు. మట్టి కూడా నింపే ఉంచారు. అసిరమ్మ తన గేదెల్ని పక్కనే నీళ్ళలో వదిలి, చెప్పులు కాళ్ళ పక్కన విడిచి కూర్చుంది. నాకు ఆవిడ కేసి చూడాలంటే మొహం చెల్లలేదు. చివరి రంగం నేను రాసిందే. ఇంకో గంటలో ఆ గేదెలున్న చోట మట్టి పడుతుంది.

జమ్ముకేశుడు నీళ్ళలోంచి లేచాడు. ఈలలు. వికాసవర్మ వేషంలో కమిషనర్ గారు హెల్మెట్ సర్దుకుంటూ వచ్చారు. జనానికి ముందు గుర్తు తెలియలేదు. ఆయన నోరు తెరవగానే తెలిసింది.

"ఓయీ రాక్షసా! సదరు బందలో నివసించు కొంగలు తమ అభ్యంతరములను నిర్ణీత గడువులోగా లిఖితపూర్వకముగా సమర్పించలేదు. కావున వాటికి అభ్యంతరము లేనట్లే!"

గట్టు మీద సద్దుమణిగింది. దాలినాయుడు తెర పక్కనున్న నావైపు చూసి, 'రక్తి కడుతోంది' అన్నట్టు కన్ను కొట్టాడు.

"అయినను దయతో," కమిషనర్ గారు ఊపందుకున్నారు, "కొంగలకు ఊరిబయట ప్రత్యామ్నాయ స్థలము కేటాయించడమైనది. అచ్చట ప్రస్తుతము నీరు లేదు. నిధులు విడుదలైన పిమ్మట నీటి విషయము పరిశీలింపబడును. అంతవరకు కొంగలు సహకరించవలెను!"

"మరి గేదిలు?" అని జనంలోంచి కేక. అసిరమ్మది.

నాటకంలో ప్రేక్షకులు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకూడదు. ఇది ఆయనకు ఎవరూ చెప్పలేదు. ప్రజల ప్రశ్నకు జవాబివ్వడం అధికారిగా తన ధర్మం అనుకుని, వేదిక అంచుదాకా వచ్చి, ఎంతో మర్యాదగా చెప్పారు.

"భవనం రెండో అంతస్తులో నమూనా చెరువు ఉంటుందమ్మా. ప్రవేశ రుసుము చెల్లించి చూడవచ్చు."

"నా గేదికి టిక్కెట్టెంత బాబూ?"

కమిషనర్ గారు ఒక్క క్షణం ఆలోచించారు. ఆయన ఎప్పుడూ ఎవరికీ అబద్ధం చెప్పింది లేదు.

"పశువులకు రాయితీ విషయం పరిశీలనలో ఉంది."

మొదటి చెప్పు అసిరమ్మదే. తిన్నగా వచ్చి పసుపుపచ్చ హెల్మెట్‌కి ఠపీమని తగిలింది. ఆ తర్వాత నేను లెక్క పెట్టలేదు, ఎవరూ పెట్టలేరు. తోలు చెప్పులు, రబ్బరు చెప్పులు, పెళ్ళికొడుకుల కిర్రుచెప్పులు, బడి పంతుళ్ళ బూట్లు. రాక్షసుడి కోసం ఇన్ని శనివారాలుగా మోసుకొచ్చి, మనసు రాక మోసుకెళ్ళిపోయిన చెప్పులన్నీ ఒక్కసారిగా ఎగిరొచ్చాయి.

దాలినాయుడికి ఆశ ఆగలేదు. చేతులు చాచి, కమిషనర్ గారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. అంతే, చెప్పుల వాన టక్కున ఆగిపోయింది.

"తప్పుకో నాయినా, నీకు తగిలెత్తాది!" అని అరిచింది అసిరమ్మ, రెండో చెప్పు ఎత్తి పట్టుకుని.

ఆయన తప్పుకోలేదు. జనం ఆయన్ని తప్పించి, గురి చూసుకుని, పక్కల నుంచి వేశారు. ఒక్కటంటే ఒక్కటి ఆయనకు తగల్లేదు. అంత జాగ్రత్త నేను ఎక్కడా చూడలేదు.

వాన వెలిశాక మందాకిని గారు లేచారు. వేదిక మీద మోకాలెత్తు పేరుకున్న కుప్పని చూశారు. ఈసారి ప్రశ్న అడగనక్కర్లేకపోయింది. కళ్ళజోడు సర్దుకుని సర్క్యులర్ చదివారు.

"ఎవరిమీద చెప్పులు పడునో సదరు వ్యక్తియే ప్రతినాయకుడు. కాబట్టి వికాసవర్మ ప్రతినాయకుడు. చివరి రంగం ప్రకారం ఆయన తన పరివారంతో, సామగ్రితో బందను శాశ్వతంగా విడిచి వెళ్ళాలి. చివరి రంగానికి పురపాలక సంఘం కట్టుబడాలి. కానివ్వండి, నాకు బస్సు ఉంది."

"మేడమ్, ఆయన కమిషనర్ గారండీ!" అన్నారు కామరాజు గారు.

"సర్క్యులర్ మీద సంతకం ఎవరిది?"

కమిషనర్ గారిది. ఆయన ఎంత మంచి అధికారో అప్పుడు తెలిసింది నాకు. సొంత సర్క్యులర్‌ని ఆయన జన్మలో కాదనలేరు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, "ఈ బందను విడిచి నా పరివారంతో, నా సామగ్రితో శాశ్వతంగా వెళ్ళిపోతున్నాను, మళ్ళీ ఈ గట్టు తొక్కను," అని మూడుసార్లూ చెప్పారు. వెనకనున్న టిప్పర్లు, రోలర్లు ఒక్కొక్కటే స్టార్టయి, నింపిన మట్టితోనే వెనక్కి తిరిగాయి. జనం వాటికి దారిచ్చారు. ఎవరూ ఏడవలేదు. ఎవరి దగ్గరా రిబ్బను కూడా లేదు. అసిరమ్మ మాత్రం నీళ్ళలోకి దిగి, గేదె మెడ కావలించుకుని పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. ఈసారి దగ్గలేదు.

జనం వెళ్ళిపోయాక కమిషనర్ గారు చెప్పుల కుప్ప పక్కన మెట్టు మీద కూలబడ్డారు.

"నేను తప్పేం చెప్పానయ్యా? అన్నీ నిజాలే కదా?" అన్నారు నాతో.

దాలినాయుడు వచ్చాడు. జమ్ము విప్పి కింద పెట్టాడు. కుప్పలోంచి ఒక చెప్పు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళనిండా నీళ్ళతో కమిషనర్ గారి కాళ్ళు పట్టుకున్నాడు.

"ఏటి సేసినారు బాబూ? ఎలగ సేసినారు? నాకిన్నేళ్ళలో ఒక్కరోజున ఇన్ని పడనేదు. ఆ ఇద్దె నాకు సెప్పండి."

"నేనేం చేశానయ్యా? రోజూ ఆఫీసులో జనంతో మాట్లాడినట్టే మాట్లాడాను."

దాలినాయుడు ఆయన కాళ్ళు వదలకుండానే తలెత్తి చూశాడు.

"అదే బాబూ," అన్నాడు భక్తిగా. "ఆ సహజం నాకు రానేదు."

మర్నాటి నుంచి దాలినాయుడు రోజూ మా ఆఫీసుకి వస్తున్నాడు. ఆయనకు అక్కడ పనేమీ లేదు. కమిషనర్ గారి గది బయట బెంచీ మీద కూర్చుని, లోపల ఆయన ప్రజలకిచ్చే సమాధానాలు చెవి రిక్కించి వింటాడు. పెదవులు కదుపుతూ అవే మాటలు మెల్లిగా అనుకుంటాడు. వచ్చే ఉత్సవాలకి తన మీద చెప్పులు ఖాయమని మొన్న నాతో అన్నాడు. వాళ్ళావిడ మాత్రం వాటిలో ఒక జత తన కాళ్ళకి కావాలని ముందే చెప్పి ఉంచింది.